అనైహిలేట్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

అనైహిలేట్‌కీ డిస్ట్రాయ్‌కీ తేడా ఏముంది, రెండూ నాశనమే కదా అని అడిగారు. నెల్లూరులో బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీషు చెబుతుంటాను, ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు.

ముందు పలకడం సంగతి. స్పెల్లింగ్‌లో హెచ్ ఉన్నా నోట్లో పలకదు, 'అనైఅలేట్' అంటారు. లాటిన్ 'నిహిల్' అంటే శూన్యం. ఆ మాటలోంచి పుట్టింది కాబట్టి మన 'నామరూపాల్లేకుండా చేయడం' దీనికి అచ్చంగా సరిపోతుంది. డిస్ట్రాయ్ అయిన ఇంటికి మొండిగోడలైనా మిగలొచ్చు.

1990ల మధ్యలో మా తీరమంతా టైగర్ రొయ్యల గుంటలే. అల్లూరు వైపు మా మేనమామ కూడా వేశాడు. అప్పుడే వైట్ స్పాట్ వైరస్ వచ్చిపడింది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే చెక్‌ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉండేది. ఆ తర్వాత రొయ్యలు గట్టు వారకొచ్చి నీరసంగా తేలేవి. తల మీది డిప్ప ఊడదీసి వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి చుక్కలు. వారం తిరిగేలోగా గుంట ఖాళీ. ఆ వైరస్ రొయ్యల్ని అనైహిలేట్ చేసింది అంటే అతిశయోక్తి కాదు. మామ విషయంలో మాత్రం ఆ మాట చెల్లదు. గుంట మిగిలింది, అప్పు అంతకన్నా గట్టిగా మిగిలింది. అక్కడ రూయిన్ అనాలి.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది. దానికి వాష్డ్ అవే చాలు. తుఫాను, వరదల నష్టానికి డెవాస్టేట్ బాగా నప్పుతుంది. డెసిమేట్ వేరు. రోమన్ సైన్యంలో శిక్షగా పదిమందిలో ఒకణ్ణి చంపేవాళ్లు, ఆ మాట అలా వచ్చింది. ఇప్పుడు చాలా భాగం పోయిందనే అర్థంలో వాడుతున్నారు, అంతా పోయిందని కాదు.

ఫిజిక్స్‌లో అయితే అనైహిలేట్ మామూలు పదం. ఎలక్ట్రాన్, దానికి వ్యతిరేక ఆవేశమున్న జోడీ కణం పాజిట్రాన్ కలిస్తే రెండూ మాయమై సాధారణంగా ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న గామా కిరణాలు రెండు పుడతాయి. ఆసుపత్రుల్లో క్యాన్సర్ లాంటివి చూడ్డానికి తీసే పెట్ స్కాన్ పట్టుకునేది వాటినే.

వాడుకలో దీనికి కర్మ తప్పనిసరి: శత్రువునో, సైన్యాన్నో, ఊరినో. ఆటలో చిత్తుచిత్తుగా ఓడించినా సరదాగా ఇదే అంటారు. మా పిల్లకాయలు ఫోన్ స్క్రీన్ పగిలినా అనైహిలేట్ అని రాస్తారు, అది మరీ ఎబ్బెట్టు. పరీక్షలో సమానార్థకం అడిగితే ఆబ్లిటరేట్, ఎక్స్‌టర్మినేట్ ఉన్నాయేమో చూడండి. డ్యామేజ్ కనబడితే వదిలేయండి.