ఈ జీవి పేరేమిటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగింటికి ఇక్కడ జవాబులిస్తున్నాము. దాదాపు అందరూ తాము చూసిన జీవి రంగుతోనే వర్ణన మొదలుపెట్టారు. రంగు వయసుతోనూ, ఋతువుతోనూ, కొన్నిసార్లు ఫోటో తీసిన వెలుతురుతోనూ మారిపోతుంది కనుక, దానిని చివరి సాక్షిగా మాత్రమే పిలవడం మంచిది.

ప్రశ్న: మా మామిడి తోట కాపలా గదిలో రాత్రిపూట గోడ మీద పాకుతున్న ఒక పాము కనిపించింది. ఒంటి మీద తెల్లని కట్లున్నాయి. కాపలాదారు కట్లపామంటూ కర్ర అందుకోగా నేను వారించి, దూరం నుంచి ఫోటో తీశాను. పొడవు రెండు జానలు ఉండవచ్చు. ఇది కట్లపామేనా? – ఒక రైతు, బంగారుపాళ్యం

జవాబు: కాదు. ఇది వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాము. దీని శాస్త్రీయనామం లైకోడాన్ ఆలికస్. కట్లపామని భ్రమపడి మన పల్లెల్లో చంపేస్తున్న పాములలో ఇది ముఖ్యమైనది. మీ ఫోటోలో మొదట చూడవలసింది మెడను. మీ పాముకు తల వెనుకనే మొదటి తెల్లని కట్టు పట్టీ కట్టినట్టు ఉంది. అక్కడి నుంచి తోక వైపు పోయేకొద్దీ కట్లు పలచబడి, చివరకు చెరిగిపోయాయి. పెరిగిన కట్లపాములో ఇది తలకిందులుగా ఉంటుంది: మెడ దగ్గర కట్లు ఉండవు, లేదా చుక్కలుగా మాత్రమే ఉంటాయి, వెనుకకు పోయేకొద్దీ సన్నని తెల్లని గీతలు, చాలావరకు రెండేసి జంటలుగా, స్పష్టమవుతాయి. ఒంటి రంగు నిగనిగలాడే నలుపు. వెన్ను మీద నడిమి వరుస పొలుసులు మిగిలినవాటికంటే పెద్దవిగా, ఆరు మూలలతో ఉంటాయి. మీ పాము గోధుమ రంగులో, చదునైన తలతో ఉండడమే కాక, గోడ మీద పాకుతూ కనిపించింది. బల్లుల కోసం గోడలెక్కడం వుల్ఫ్ స్నేక్‌కు అలవాటు.

అయితే పిల్ల కట్లపాములకు కట్లు మెడకు దగ్గరగా మొదలు కావచ్చు. కాబట్టి ఈ గుర్తులు ఫోటోను పెద్దది చేసి చూసుకోవడానికే గాని, పాము మీదికి వంగి పొలుసులు లెక్కపెట్టడానికి కావు. కట్లపాము సాధారణంగా రాత్రివేళ, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు చోట నొప్పీ వాపూ పెద్దగా ఉండవు గనుక చాలామంది పట్టించుకోరు. తరువాత కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి కష్టమవుతుంది. కాపలాదారుకు ఒక మంచమూ, పరుపు కిందికి మడిచిన దోమతెరా ఏర్పాటు చేస్తే ఆ కర్రకంటే ఎక్కువ రక్షణ. ఒకవేళ ఎవరినైనా పాము కరిస్తే, దానిని పట్టి ఆసుపత్రికి తీసుకుపోవలసిన పని లేదు. మన దేశంలో వాడే విషహర సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి తయారైనదే. కోయడం, బిగించి కట్టడం మాని, కాటు తగిలిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అటక మీద రాత్రిళ్ళు ఒక జంతువు తిరుగుతోంది. ముఖం మీద మచ్చలు, నల్లని పొడవైన తోక. పునుగు పిల్లి అనీ, ఇంట్లోకి రావడం శుభమనీ, దేవస్థానానికి అప్పగించాలనీ ఇరుగుపొరుగు అంటున్నారు. – ఒక గృహిణి, తిరుపతి

జవాబు: శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారి మూలమూర్తికి పునుగు తైలం పూసే ఊరు కనుక, పిల్లి లాంటి అడవి జంతువు ఏది కనిపించినా మనవారికి మొదట ఆ పేరే నోటికొస్తుంది. మీరు పంపిన ఫోటోలోనిది మానుపిల్లి. ఈ రెండింటినీ తోకను చూసి వేరు చేయవచ్చు. పునుగు పిల్లి తోకకు నల్లని వలయాలుంటాయి, వీపు మీద నిలువు చారలు, పక్కల వరుసగా చుక్కలు ఉంటాయి. అది ఎక్కువగా నేల మీద తిరుగుతుంది. మానుపిల్లి తోకకు వలయాలుండవు. ముసుగు వేసుకున్నట్టుండే ముఖమూ, నల్లని పాదాలూ దాని గుర్తులు. చెట్లూ అటకలూ ఎక్కడంలో దిట్ట. మేడ మీద దాని పెంట పడి ఉంటే గమనించండి. పండ్ల గింజలు కలిసి ఉంటాయి.

పట్టి అప్పగించే ఆలోచన మానుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా పట్టడం నేరం. పిల్లలు లేవని నిర్ధారించుకున్న తరువాత, రాత్రి అది మేతకు బయటికి పోయిన సమయంలో సందు మూసివేస్తే చాలు.

ప్రశ్న: తలకోన దారిలో మధ్యాహ్నం ఎండలో బండ మీద పసుపు రంగు బల్లి కనిపించింది. కంచి వరదరాజస్వామి గుడిలో మేము తాకి వచ్చే బంగారు బల్లి జాతి ఇదేనా? – ఒక విద్యార్థి, పలమనేరు

జవాబు: కంచిలో మీరు తాకేది లోహపు పలకతో చేసిన ప్రతిమ. ప్రాణమున్న బంగారు బల్లి మన శేషాచలం కొండల్లో నిజంగానే ఉంది. కాలోడాక్టిలోడెస్ ఆరియస్ అనే ఈ జాతిని 1870లో బెడ్డోమ్ వర్ణించాడు. కానీ మీరు పంపిన చిత్రం దానిది కాదు. బంగారు బల్లి బండల నెరియలలో, గుహలలో పగలంతా దాగి, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. దాని కంటికి కదిలే రెప్ప ఉండదు. మీ ఫోటోలో ఎండకు సగం మూసిన కనురెప్ప స్పష్టంగా కనబడుతోంది, వేళ్ళ చివరలు గోళ్ళతో సన్నగా ఉన్నాయి. బంగారు బల్లికైతే అవి వెడల్పైన మెత్తలుగా ఉంటాయి. ఇది జతకట్టే కాలంలో పై భాగం పసుపు నుంచి ఎరుపు దాకా మారే మగ రాతి తొండ. ఫోటో తీసిన వేళను మీరు రాయడం నాకు ఎంతో ఉపకరించింది.

ప్రశ్న: తొలకరి వానకు పొలంలో కనిపించిన ఆరుద్ర పురుగును ఫోటో తీశాము. దీనికి ఆరు కాళ్ళని నేనూ, ఎనిమిదని మా అబ్బాయీ పందెం వేసుకున్నాము. – ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: ఎనిమిదే. పేరుకు పురుగైనా, మఖమలు గుడ్డ ముక్కలా ఉండే ఆరుద్ర పురుగు కీటకం కాదు. సాలీడుకు, తేలుకు దగ్గరి చుట్టమైన నల్లి జాతి (ఇంగ్లీషులో మైట్; మంచాల్లో కుట్టే నల్లి కాదు). మనిషికి హాని చేయదు. అయితే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు మాత్రం ఆరు కాళ్ళే ఉంటాయి కనుక, మీ మాట పూర్తిగా తప్పు అనలేము. కానీ ఫోటోలో ఉన్నది పెరిగినది, కాబట్టి పందెం మీ అబ్బాయిదే.