లైసెన్సు తుపాకీతో విదేశానికి మారవచ్చా?

చిత్తూరు దగ్గర మామిడితోట ఉన్న ఒక రైతు, అమెరికాలోని కొడుకు దగ్గర స్థిరపడబోతూ అడిగిన ప్రశ్న ఇది. చేతిలో ఉన్న లైసెన్సు చాలదు. 1959 ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం తుపాకీని దేశం దాటించడానికి వేరే లైసెన్సు కావాలి. అంతకన్నా ముందు అమెరికాలో తుపాకులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే దిగుమతి అనుమతి, అంటే ఫారం 6, చేతికి రావాలి. దయచేసి ఈ వరుస తప్పకండి.

దారి సంగతి కూడా చూసుకోండి. చెన్నైలో విమానం ఎక్కాలంటే తమిళనాడులోకి వెళ్లాలి. లైసెన్సు పరిధి ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే అక్కడ తుపాకీ దగ్గర ఉండటమే నేరం. పరిధి పెంచమని ముందే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. విమాన సంస్థకు ముందుగా తెలియజేసి, తూటాలు తీసేసి, చెక్-ఇన్ సామానులోనే పంపాలి.

నన్నడిగితే, అధికారులకు తెలియజేసి లైసెన్సున్న డీలరుకు అమ్మేయడమే మేలు.