టక్కుమన్నదని కూర్చోకు

బిడ్డా,

తుంటి ఆపరేషన్‌కు నువ్వే తారీఖు ఖాయం చేసుకున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక నిద్ర పట్టలేదు. నలభై నిండని పోరడికి ఇదేం ఖర్మ అని కాసేపు, ముగ్గురు డాక్టర్లకు చూపించుకుని ఎవరినీ పరేషాన్ చేయకుండా తేల్చుకున్నాడే అని కాసేపు. 2014లో అరవై దాటిన నేను, మీ పెద్దమ్మ ఏడిస్తే గానీ ఒప్పుకోలేదు.

తొడ ఎముక తలకు రక్తం అందక కుంగిపోయిందన్నారట. అది తీసి కొత్త బంతి, కొత్త గిన్నె పెడతారు. ఆ పని డాక్టర్లు చూసుకుంటారు. నా భయమంతా తర్వాత ఇంట్లో గడిచే మూడు నెలల గురించే.

చిల్లర సంగతులు ముందు చెప్పేస్తా. ఇంట్లో కమోడ్ ఎత్తు పెంచే సీటు తెచ్చిపెట్టుకో. నేల మీద కూర్చుని తినడం, కాలు మీద కాలు వేసుకోవడం, లోపలికి దిగబడే సోఫాలో కూలబడడం బంద్. కోత ముందు నుంచా వెనక నుంచా అని డాక్టర్‌ని అడుగు, దాన్నిబట్టి జాగ్రత్తలు మారతాయి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కర్ర ఎదుటి చేతిలో పట్టాలి, కుడి తుంటికి ఎడమ చేయి. సినిమాల్లో చూసి నేను పది రోజులు తిరగేసి పట్టా. బాత్రూంలో తడి నేల మీద మాత్రం ఒక్కడివే వెళ్లకు. నవ్వుకో, ఫరవాలేదు. తలుపు గడియ పెట్టుకోకు, అంతే.

ఇక అసలు సంగతి.

నా చెవి గురించి నీకు తెలుసు. బస్సు డిపో గేటు దాటేలోపే ఏ చక్రం బేరింగ్ పోయిందో, ఎక్కడ కమాన్ పట్టీ విరిగిందో చెప్పేవాణ్ని. ఆ చెవే నా కొంప ముంచింది.

ఆపరేషన్ అయిన మూడో వారం. రాంనగర్ ఇంట్లో కుర్చీలోంచి లేస్తుంటే గజ్జల దగ్గర టక్కుమన్నది. నొప్పి లేదు. కూర్చుని మళ్లీ లేచా. మళ్లీ టక్. లెక్క తేలిపోయింది నాకు: బంతి లూజైంది, నడిచేకొద్దీ అరుగుతుంది. వంటింట్లో మీ పెద్దమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది, ఆమెకు చెప్పలేదు. అంత డబ్బు పోసి వేయించిన పార్టు నెల తిరక్కుండానే పోయిందని ఏ నోటితో చెప్పను? ఫిజియోథెరపీ అబ్బాయి వస్తే ఒకరోజు జ్వరమన్నా, ఇంకోరోజు కడుపు బాగాలేదన్నా, చివరికి ఇక రావద్దన్నా. డాక్టరే విశ్రాంతి తీసుకోమన్నాడని ఇంట్లో అబద్ధం చెప్పా. షెడ్డులో నిలబెట్టిన బండిలా ఐదు వారాలు కిటికీ పక్కన కుర్చీలోనే ఉన్నా. చప్పుడు తగ్గింది. కదిలితే కదా వినబడేది!

అప్పుడే మీ బాపు పోయాడు.

ఆ పొద్దున లేచి నిలబడితే నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. నాలుగడుగులకే బాతులా ఊగుతున్నా. నువ్వు అగ్గికుండ పట్టుకుని ముందు నడుస్తున్నావు. తమ్ముడి వెనక నడవాల్సిన అన్నని ఆటోలో కూర్చుని వచ్చా. ఆపరేషన్ నొప్పి కాబోలని అందరూ జాలిపడ్డారు. నొప్పి లేదు బిడ్డా, బలం లేదు. చెప్పినట్టు విని ఉంటే, పాడెకు భుజం పట్టలేకపోయినా, కర్ర పొడుచుకుంటూ వీధి చివరి దాకా వచ్చేవాణ్ని. ఈ మాట ఇన్నేళ్లూ నీతో అనలేదు.

దినాలయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్లి అంతా కక్కేశా. ఎక్స్‌రే తీయించాడు. బంతి, గిన్నె పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆపరేషన్ కాలు ఒక్కదాని మీద నిలబడమన్నాడు. నిలబడితే నడుము రెండో పక్క దిగజారింది. తర్వాత మోకాలి చిప్ప నుంచి ఒకే ఎత్తులో రెండు తొడలూ టేపుతో కొలిచాడు. ఆపరేషన్ పక్క మూడు సెంటీమీటర్లు తక్కువ.

ఆయన చెప్పింది ఇదీ. ముందు పక్క గజ్జలో ఒక నరంలాంటి తాడు, పక్కన తొడ మీద ఒక వెడల్పాటి పట్టీ ఉంటాయి. కదిలినప్పుడు అవి ఎముక మీంచి జారితే టక్కుమంటుంది. కొత్తలో కండలు వదులుగా ఉంటే బంతి గిన్నెలో సర్దుకునే చప్పుడు కూడా రావచ్చు. నొప్పి లేకపోతే దాని మానాన దాన్ని వదిలేయాలి. ప్యాంటు పక్క జేబు ఉండే చోట, తుంటి పక్కన ఒక కండ ఉంది. ఒంటికాలి మీద నడుమును నిలిపేది అదే. నొప్పికి ఏళ్ల తరబడి కుంటడంతో అది ముందే చిక్కి ఉంటుంది, ఆపరేషన్‌తో ఇంకాస్త నలుగుతుంది. మిగిలింది నేను కుర్చీలో కూర్చుని కరగబెట్టా. "బండి షెడ్డులో ఉంటే అరగదు, మనిషి ఉంటే కరుగుతాడు" అన్నాడు. అది కూడబెట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఇందిరా పార్కులో పిల్లలు నన్ను దాటి పరుగెత్తుతుంటే.

అందుకే ఫిజియో అబ్బాయిని నాలా తరమకు. పాదం ఆడించడం, పిరుదులు బిగించి వదలడం, వంటగట్టు పట్టుకుని కాలు పక్కకు లేపడం లాంటివి పిల్లలాటల్లా ఉంటాయి, విసుగు పుడుతుంది. అయినా చెయ్యి. అతను చెప్పనివి మాత్రం హుషారుకొద్దీ చెయ్యకు. ఆపరేషన్‌కు ముందు నుంచే ఏవి చేయొచ్చో ఇప్పుడే అడుగు.

చప్పుడుతో పాటు నొప్పి వచ్చినా, కాలు జారిపోతున్నట్టున్నా, కొత్తగా కిర్రుమంటున్నా డాక్టర్‌కి చెప్పు. సిరామిక్ మీద సిరామిక్ వేస్తే కొందరికి అలా కిర్రుమంటుందట. ఒక్కసారిగా భరించలేని నొప్పి లేచి కాలు పొట్టిగానో, తిరిగిపోయినట్టో కనిపిస్తే నిలబడకు, 108కి ఫోన్ చేయించు. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయం చెమ్మగిల్లినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకు. అమ్మ భయపడుతుందని దాచావో, చెవి మెలేస్తా. దాచడం మన ఇంటి జబ్బు. మీ బాపు గుండెనొప్పిని గ్యాస్ అన్నాడు.

ఆదివారం వస్తున్నా. కర్ర కొనకు, నాది ఉంది, అడుగు రబ్బరు కొత్తది వేయించా. నీ ఎత్తుకు రెండు చిల్లులు పెంచాలి. మీ పెద్దమ్మ కుట్టుపెట్టెలోంచి టేపు కూడా తెస్తా, రెండు తొడలూ ఇప్పుడే కొలిచి క్యాలెండర్ వెనక రాసిపెడదాం.

మీ పెద్దబాపు