ఆ ఆకుపచ్చ మందు పుండు మీద కాదు, చుట్టూ రాయాలి

ప్రశ్న: మా మనవడికి ఎనిమిదేళ్లు. బీచ్ రోడ్డులో సైకిల్ మీంచి పడి మోకాలు దోక్కుపోయింది. రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా అమ్మాయి తెచ్చిన ఆకుపచ్చ మందు మూడు రోజులుగా రాస్తున్నాం. పెచ్చు కట్టింది గానీ, నొక్కితే అడుగున తడి తెలుస్తోంది. మనవరాలికి నిన్నటి నుంచి ఆటలమ్మ పోసింది. దానికీ రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అది బ్రిలియంట్ గ్రీన్. ఒక శాతం రంగును స్పిరిట్‌లో కలిపిన మందు. రష్యాలో ‘జెల్యోంకా’ అంటారు, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మన ఊదా రంగు మందు జెన్షన్ వయొలెట్‌కి దగ్గరి చుట్టం. స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియాను బాగానే అణుస్తుంది. కానీ రక్తం, రసి, చీము తగిలితే దాని బలం తగ్గిపోతుంది. పైగా స్పిరిట్ పచ్చి కండను మండిస్తుంది. అందుకే గాయం అంచున ఉన్న మంచి చర్మానికి మాత్రమే రాయాలి.

నాకు భయం వేసేది దాని రంగు చూసే. గాయం చీము పడుతుంటే ముందు కనిపించేది ఎరుపు. మీ బాబు మోకాలి మీద ఆ ఎరుపు ఆకుపచ్చ కింద దాగిపోతుంది. ఈరోజే ఆపేయండి. తడి గాజుగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచి, పెచ్చు నానాక కుళాయి ధార కింద సబ్బుతో నెమ్మదిగా కడగండి. ఇసుక రేణువులు వదలకపోతే సూదితో గెలకొద్దు, డాక్టర్ చేత తీయించండి. లోపలే ఉండిపోతే నల్లమచ్చగా మిగిలిపోతాయి. తడి అద్దాక పెట్రోలియం జెల్లీ పల్చగా రాసి, అంటుకోని గాజుగుడ్డ వేసి రోజూ మార్చండి. మన ఊరి ఉక్కకు కట్టు చెమటతో తడిస్తే అప్పుడే మార్చేయాలి. పసుపు, టూత్‌పేస్టు వద్దు.

ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీయండి. మర్నాటికి గీత దాటినా, చీము, జ్వరం వచ్చినా, మోకాలు మడవలేకపోయినా అదే రోజు చూపించండి. ధనుర్వాతం రాకుండా ఐదేళ్లు దాటాక వేయాల్సిన డీపీటీ బూస్టర్ పడిందో లేదో టీకా కార్డులో చూడండి. పడకపోతే ఆలస్యం చేయొద్దు.

ఇక ఆటలమ్మ వైరస్ వల్ల వచ్చేది. ఈ రంగు దాన్ని చంపదు. రష్యాలో తల్లులకు కొత్త పొక్కులేవో గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే. ముఖం మీద అసలు వద్దు. కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పొరపాటున పడితే పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లండి. పాపకు కాలమైన్ లోషన్ రాసి, గోళ్లు పొట్టిగా కత్తిరించండి. జ్వరానికి పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు.

బాబుకు ఆటలమ్మ రాలేదా, టీకా పడలేదా? అయితే రేపే పిల్లల డాక్టర్‌ను కలవండి. పాపకు పొక్కులు మొదలైన మూడు రోజుల్లోపు, ఆలస్యమైతే ఐదు రోజుల్లోపు టీకా వేస్తే జబ్బు రాకపోవచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు.