దసరా నుంచి సంక్రాంతి దాకా డాబా మీద రంగులు కావాలా? ముందు వీధిలైటు ఎక్కడుందో చూడండి

హైదరాబాద్‌లో డాబా మీద కుండీలున్నాయి, దసరా నుంచి సంక్రాంతి దాకా రంగులు కనిపించాలి, నర్సరీ వాళ్ళు క్రోటన్లు పెట్టమంటున్నారు, సరిపోతాయా అని అడిగారు మీరు.

క్రోటన్లంటే నాకు పడదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఉగాదికి ఎలా ఉంటాయో దసరాకీ అలాగే ఉంటాయి. పండగొచ్చిందని వాటికి తెలియదు.

న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు అక్టోబర్ వచ్చిందంటే చాలు, ఎర్రటి మేపుల్ చెట్ల ఫొటోలు పంపిస్తుంది, "మీకివి లేవు కదక్కా" అని. లేవు మరి. అక్కడ పగళ్ళు తగ్గి, రాత్రులు చల్లబడి ఆకులో పచ్చదనం విరిగిపోతే దాగి ఉన్న పసుపు పైకి కనిపిస్తుంది, ఎరుపు అప్పుడే కొత్తగా పుడుతుంది. మన వేప ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో అయితే వానలు తాగి చెట్లన్నీ నిండు పచ్చగా ఉంటాయి. అందుకే ఈ కాలంలో మనకు రంగు ఆకులో వెతికితే దొరకదు. బంతి, చామంతి, గునుగు, పట్టుకుచ్చు, డిసెంబర్ పూలు, వీటి దగ్గరే దొరుకుతుంది. అందులోనూ చామంతి లాంటివి చీకటిని బట్టి పూస్తాయి. ఈ సంగతి చెప్పే నర్సరీ వాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

మా ఇల్లు హనుమకొండలో. మా అత్తమ్మకు చామంతులంటే ప్రాణం. పూత అయిపోయాక మొదళ్ళలో వచ్చే పిలకలు విడదీసి, ఎండాకాలమంతా నీడన కాపాడి, వానలు పడగానే కుండీల్లోకి మారుస్తుంది. ఒక ఏడు మా సందులో పాత పసుపు లైటు తీసేసి తెల్లటి ఎల్ఈడీ పెట్టారు. స్తంభం మా పిట్టగోడను ఆనుకునే ఉంటుంది, లైటు సరిగ్గా డాబా ఎత్తులో. రాత్రి పదింటికి అక్కడ కూర్చుని పేపరు చదువుకోవచ్చు. ఆ కార్తీకంలో మెట్ల గది వెనక నీడలో ఉన్న కుండీలు మొగ్గలతో విరగబడ్డాయి. లైటు వైపువి మాత్రం ఆకు మీద ఆకు వేస్తున్నాయి తప్ప ఒక్క మొగ్గ లేదు. రెండు వైపులా అదే పిలక, అదే మట్టి, అదే ఎరువు.

వచ్చినవాళ్ళంతా తలా ఒక మందు చెప్పారు. ఒకరు వేపపిండి వేయమన్నారు, ఒకరు నీళ్ళు తగ్గించమన్నారు, ఎదురింటి పెద్దమ్మ దిష్టి అని తేల్చేసింది. అత్తమ్మ ఎవరి మాటా వినలేదు. రాత్రి అన్నాలయ్యాక కుర్చీ వేసుకుని ఆ కుండీల దగ్గరే చాలాసేపు కూర్చుంది. కిందికొచ్చి "గా లైటు కండ్లల్ల కొడుతుంది బిడ్డా, వాటికి రాత్రి అయితలేదు" అంది.

మర్నాడు లైన్‌మన్‌ను అడిగితే, "పూల కోసం లైటు బంద్ చేస్తరా అమ్మా" అని నవ్వి వెళ్ళిపోయాడు. దరఖాస్తు ఇవ్వమని ఒక ఆఫీసులో చెప్పారు, ఇచ్చాం. అది మా ఆఫీసు పని కాదని ఇంకొకాయన అన్నాడు. ఆ లైటు ఇప్పటికీ అలాగే వెలుగుతోంది, చాలాసార్లు పట్టపగలు కూడా. అత్తమ్మ వాళ్ళ కోసం ఆగలేదు. కుండీల చుట్టూ కర్రలు పాతి, సాయంత్రం దీపం పెట్టే వేళకు పాత నల్ల దుప్పటి కప్పడం, తెల్లారగానే తీసేయడం మొదలుపెట్టింది. మొక్కలకు చలి వేస్తోందా అని పక్కింటి పిల్లలు ఆటపట్టించారు. పుష్యమాసం వచ్చేసరికి ఆ కుండీలన్నీ పసుపు ముద్దలయ్యాయి. ఆ సంక్రాంతికి మా వాకిట్లో ముగ్గుల నిండా ఆ పూలే.

దీనిలో మాయేం లేదు. చామంతికి మొగ్గ కట్టాలంటే ఎడతెగని చీకటి కావాలి. అర్ధరాత్రి వెలుతురు పడితే రాత్రి ఇంకా చిన్నదేననుకుని ఆకులు వేసుకుంటూ పోతుంది. పూల రైతులకు ఇది బాగా తెలుసు. బెంగళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిళ్ళు బల్బులు వెలిగించి మరీ పూత ఆపుతారు, ధర పలికే రోజుకు పువ్వు చేతికి రావాలని. పట్నాల్లో "మా చామంతి పూయలేదు" అనే వాళ్ళలో సగం మందికి ఈ లైటు రోగమేనని నా గట్టి నమ్మకం. కాబట్టి మీరు మొక్క కొనే ముందు రాత్రిపూట ఒకసారి డాబా ఎక్కి ఏ మూల చీకటిగా ఉందో చూసుకోండి. చామంతులు అక్కడ. వెలుతురు పడే చోట బంతి పెట్టుకోండి, దానికి ఇంత పట్టింపు లేదు.

బంతి గింజ వేశాక పూతకు రెండు నెలలు దాటుతుంది. బతుకమ్మకు కావాలంటే ఆషాఢం, శ్రావణంలోనే వేయాలి. మీరు భాద్రపదం చివర్లో అడుగుతున్నారు కాబట్టి ఈసారికి నారు కొనుక్కోండి, కానీ మొగ్గ లేని నారు చూసి కొనండి. పూలతో ఉన్న కుండీ తెచ్చుకుంటే ఉన్న పూలు వాడిపోయాక చూస్తూ కూర్చోవడమే. నాటి కుదురుకోగానే తల తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. డిసెంబర్ పూలకు కొమ్మ గుచ్చితే చాలు, వాసన లేకపోయినా కనకాంబరాలతో కలిపి మాల కడితే ఆ ఊదారంగు ఎంత బాగుంటుందో.

తంగేడు మన రాష్ట్ర పుష్పం, అయినా ఇంట్లో పెంచేవాళ్ళు ఎంతమంది? వేరు లోతుకు పోయే మొక్క, పీకి తెచ్చి నాటితే బతకదు. గింజ పైపొర గట్టిది, వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి పెద్ద కుండీలో నేరుగా వేయండి.

నేను అసలు చెప్పాలనుకున్నది గునుగు గురించి. మా చిన్నప్పుడు మక్క చేన్లలో అది కలుపు. తెల్లగా, కొసన గులాబీ రంగుతో నడుమెత్తు పెరిగేది, గంపలకొద్దీ కోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు మా ఊళ్ళో చేనంతా కలుపుమందు కొడుతున్నారు. గునుగు పోయింది, బతుకమ్మ నాడు చిన్న కట్టకు అమ్మేవాళ్ళు చెప్పిందే ధర. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు చూడండి, ఎంత డబ్బు పోసి కొన్న గునుగో అంతా. పైసా ఖర్చు లేకుండా కుండీలో వచ్చే మొక్క అది. దాని చుట్టమే పట్టుకుచ్చు, ముదురు ఎరుపు మఖమల్ పువ్వు. రెండూ మంచి ఎండలో పెట్టండి, నీళ్ళు నిలవకుండా చూడండి, అంతకుమించి చాకిరీ లేదు.

దీపావళి తర్వాత ఊరి వైపు వెళ్ళే వాళ్ళెవరినైనా అడిగి గట్ల మీద ఎండిన గునుగు కంకులు నాలుగు తెప్పించుకోండి. కాగితం మీద దులిపితే ఆవాల కన్నా చిన్న నల్లటి గింజలు మెరుస్తూ రాలతాయి. మూట కట్టి దాచి, తొలకరికి మట్టి మీద చల్లండి, లోతుగా పూడ్చకండి. ఒకసారి కాసిందంటే మరుసటి ఏడు గింజలు తానే రాల్చుకుంటుంది. అప్పుడు నర్సరీ వాళ్ళతో మీకు పనేంటి?