.22 పిస్టల్‌లో ఖాళీ షెల్ ఇరుక్కుంటోందా? స్ప్రింగ్ మార్చే ముందు ఆ షెల్‌ను చూడండి

మీ .22 రిమ్‌ఫైర్ స్పోర్ట్ పిస్టల్ మొదటి వంద తూటాల వరకు చక్కగా పనిచేస్తోందనీ, ఆ తర్వాత పది పదిహేను తూటాలకొకసారి ఖాళీ షెల్ (తూటా పేలాక మిగిలే లోహపు గొట్టం) బయటకు పడకుండా కిటికీలో, అంటే షెల్ బయటపడే రంధ్రంలో, నిలువుగా ఇరుక్కుంటోందనీ, క్లబ్‌లో అందరూ రికాయిల్ స్ప్రింగ్ (వెనక్కి జరిగిన బోల్ట్‌ను మళ్లీ ముందుకు నెట్టేది) మార్చమంటున్నారనీ రాశారు. దయచేసి స్ప్రింగ్ ఇప్పుడే కొనకండి. హైదరాబాద్‌లో 25 మీటర్ల పిస్టల్ సాధన చేస్తూ ఇదే ఇబ్బందితో నేను దాదాపు ఒక సీజన్ పోగొట్టుకున్నాను. నేను చేసిన తప్పు, ఖాళీ షెల్ మీదున్న గుర్తులు చూడకుండా పిస్టల్ భాగాలు మార్చుకుంటూ పోవడమే.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. షెల్ ఛాంబర్‌లోనే (తూటా కూర్చుని పేలే గదిలోనే) ఉండిపోతోందా, లేక ఛాంబర్ దాటి వచ్చి కిటికీలో చిక్కుతోందా? మన .22 పిస్టళ్లలో చాలావరకు బోల్ట్‌కూ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కదిలే భాగం) బ్యారెల్‌కూ మధ్య తాళం లాంటిదేమీ ఉండదు. తూటా పేలగానే పుట్టిన వాయువు ఒత్తిడికి షెల్ తానే వెనక్కి నెట్టుకొస్తూ బోల్ట్‌ను కూడా నెడుతుంది. అందువల్ల షెల్ అంచును పట్టుకునే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం సరిగా పట్టకపోయినా షెల్ ఛాంబర్ నుంచి బయటకు రావచ్చు. ఈ పిస్టళ్లలో కొక్కేనికి అసలు పని, షెల్‌ను బోల్ట్ ముఖానికి అదిమిపట్టి, షెల్‌ను తన్ని బయటకు పంపే ఎజెక్టర్ దాకా మోసుకువెళ్లడం. ఒక అంచును కొక్కెం పట్టి ఉంచగా రెండో అంచు ఎజెక్టర్‌కు తగిలితేనే షెల్ గిరుక్కున తిరిగి పక్కకు ఎగురుతుంది. పట్టు జారిన షెల్‌కు ఆ తిప్పు అందదు. అది కిటికీలో తచ్చాడుతుండగానే బోల్ట్ ముందుకొచ్చి దాన్ని నొక్కేస్తుంది.

మీ పిస్టల్ శుభ్రంగా ఉన్నప్పుడు బాగుండి, వంద తూటాల తర్వాత మొరాయిస్తోందంటే నా మొదటి అనుమానం కొక్కెం వెనక పేరుకున్న మురికి మీదే. .22 తూటా సీసానికి మైనం లాంటి పూత ఉంటుంది. అది, కాలిన పొడి, సీసపు రజను కలిసి ముద్దగా మారి కొక్కెం కింద గట్టిపడతాయి. పైనుంచి గుడ్డతో తుడిస్తే బోల్ట్ మెరుస్తుంది గానీ ఆ ముద్ద కదలదు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు నిర్ధారించుకున్నాక, మాన్యువల్ ప్రకారం బోల్ట్ విప్పి, సన్నని చెక్కపుల్లతో కొక్కెం కింద గీకి చూడండి. తర్వాత ఒక ఖాళీ షెల్‌ను బోల్ట్ ముఖానికి చేత్తో తగిలించి మెల్లగా ఊపండి. అది పడిపోకుండా నిలిస్తే పట్టు బాగున్నట్టే. నూనె మాత్రం ఒక్క చుక్క మించకూడదు, ఎక్కువైతే అదే మురికిని పోగుచేస్తుంది. పని ముగించాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి, అందులో సీసం ఉంటుంది.

నా విషయంలో ఇంత శుభ్రం చేసినా ఫలితం లేకపోయింది. నేను వాడుతున్నది క్లబ్ పిస్టల్, నాకంటే ముందు ఎంతోమంది చేతులు మారింది. ఎవరో చెప్పారని కాస్త మెత్తని స్ప్రింగ్ వేయించాను. రెండు వారాలు షెల్స్ బ్రహ్మాండంగా ఎగిరాయి, మూడో వారానికి బోల్ట్ వెనక ఉండి దాని దెబ్బను తట్టుకునే మెత్త, బఫర్, నలిగిపోయింది, జబ్బు మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు మా కోచ్ గారు యాభై ఖాళీ షెల్స్ ఏరించి తెల్లకాగితం మీద వరసగా పేర్పించారు. దాదాపు ప్రతి షెల్ మీదా, ఫైరింగ్ పిన్ కొట్టిన నొక్కుకు సరిగ్గా కిందనే, నిలువుగా ఒక సన్నని గీత కనిపించింది. కారణం ఛాంబర్ నోటి దగ్గర ఉంది. రిమ్‌ఫైర్ పిస్టల్‌లో పిన్ తూటా అంచునే కొడుతుంది. కొన్ని మోడళ్లలో ఛాంబర్ ఖాళీగా ఉండగా ట్రిగర్ నొక్కితే ఆ దెబ్బ నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి, లోహం లోపలికి చిన్న బొడిపెలా పొడుచుకొస్తుంది. వెనక్కి వచ్చే ప్రతి షెల్‌నూ ఆ బొడిపె గీరుతూ బోల్ట్ వేగాన్ని తగ్గిస్తోంది. ఇన్నాళ్లూ నేను స్ప్రింగ్‌ను అనుమానించింది ఈ తగ్గిన వేగం వల్లే. తయారీదారు అనుమతించని మోడల్‌లో డ్రై ఫైరింగ్ (ఇలా తూటా లేకుండా ట్రిగర్ నొక్కడం) చేయవద్దని అప్పటి నుంచీ కనిపించిన ప్రతి కొత్త షూటర్‌కూ బతిమాలి చెబుతున్నాను.

మిగిలిన అనుమానాలు తొందరగానే తేలతాయి. మ్యాగజైన్లకు అంకెలు వేసుకోండి. ఎప్పుడూ ఒకే అంకె దగ్గర ఇరుక్కుంటే దోషం ఆ మ్యాగజైన్ పెదవుల్లో, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచుల్లో, ఉన్నట్టు. మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చినప్పుడు షెల్ బాగా ఎగిరి, కింద మరో తూటా ఉన్నప్పుడే చిక్కుతున్నా చూపు అటే ఉండాలి. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో మరో అనుభవజ్ఞుడు మీ పిస్టల్‌తోనే యాభై కాల్చినా ఇబ్బంది రాకపోతే, మీ మణికట్టు వదులవుతోందేమో గమనించుకోవాలి, ఎందుకంటే ఫ్రేమ్ కూడా బోల్ట్‌తో పాటు వెనక్కి జరిగితే బోల్ట్ ప్రయాణం కురచవుతుంది. లాట్ మార్చగానే సమస్య పోతే కారణం తూటాలే. హై వెలాసిటీ (ఎక్కువ వేగంతో వెళ్లే) తూటాలు వాడితే సరిపోతుందనే సలహా మీకూ వస్తుంది, వినకండి. టార్గెట్ పిస్టళ్ల స్ప్రింగులను సాధారణంగా స్టాండర్డ్ వెలాసిటీకే అమరుస్తారు.

ఈలోగా పోటీ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల్లో షెల్ బయటకు రాకపోవడం అనుమతించదగిన లోపాల్లో, అంటే మళ్లీ కాల్చుకునే హక్కు ఇచ్చే లోపాల్లో, ఒకటి. కానీ మీరు కంగారుపడి బోల్ట్ లాగేస్తే ఆ హక్కు పోతుంది. పట్టు వదలకుండా పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి, ఖాళీ చేయి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. 25 మీటర్ల పిస్టల్ పోటీలోని రాపిడ్ (వేగంగా కాల్చే) దశలో ఒక్కో తూటాకు 3 సెకన్లే ఉంటాయి కాబట్టి చేయి తనంతట తానే బోల్ట్ మీదికి పోతుంది, అందుకే దీన్ని కూడా సాధన చేసుకోవాలి.

రేపు రేంజ్‌కు వెళ్లినప్పుడు వంద దాటాక పడిన షెల్స్‌నూ, ఇరుక్కున్న వాటినీ వేరువేరు కవర్లలో దాచండి. పిన్ నొక్కు కింద గీత కనిపిస్తే మీరు ఆకురాయి పట్టవద్దు. ఆయుధాల మరమ్మతుకు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, పైగా ఛాంబర్‌లో లోహం ఒకసారి అరిగితే తిరిగి రాదు. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి పిస్టల్‌తో పాటు ఆ రెండు కవర్లూ తీసుకువెళ్లండి.