చెయ్యి కొట్టెయ్, సిగ్గుపడకు

చిన్నీ,

వచ్చే నెల టోక్యోలోని జూడో కేంద్రం కోడోకాన్‌లో షోదాన్‌కి, అదే నల్ల బెల్టు వచ్చే మొదటి మెట్టుకి, పరీక్ష రాయబోతున్నట్టు కాదు, పరుపెక్కబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పక్కింటావిడకి అప్పుడే చెప్పేశాను, టోక్యోలో జూడో నల్ల బెల్టు మా మేనకోడలిదేనని. ఫోన్ పెట్టేశాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

పేరు కుట్టించిన బెల్టు ముందే కొనేశావట! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. దాన్ని బీరువాలో పెట్టు. 1883లో జూడోకి ఆద్యుడు కానో జిగోరో తన శిష్యులు సైగో, తోమితలకి మొట్టమొదటి షోదాన్ ఇచ్చినప్పుడు నల్ల బెల్టన్నదే లేదు, అది తర్వాత వచ్చింది. హైదరాబాద్‌లో తెచ్చుకున్న ఆకుపచ్చ బెల్టుని అక్కడెవరూ పట్టించుకోలేదని అలిగావని కూడా విన్నాను. అక్కడ పెద్దవాళ్లకి తెలుపు, గోధుమరంగు, ఆపైన నలుపు, అంతే. మధ్యలో ఆ రంగులన్నీ 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి ధర్మమా అని యూరప్‌లో పాకినవి. అందులో నీకు జరిగిన అవమానం ఏమీ లేదు.

గోళ్లు కత్తిరించుకో. జూడోగి ఉతికి తీసుకెళ్లు. బరువు కోసం తిండి మానేశావని తెలిస్తే ఊరుకోను.

నాగే నో కటాలో, అదే త్రోలని ఒక క్రమంలో చేసి చూపించేదాంట్లో, మొదటి మూడు వరసలు అడుగుతారు కదా. తొమ్మిది త్రోలే అయినా ఒక్కొక్కటీ కుడివైపూ ఎడమవైపూ చెయ్యాలి. అందరూ కుడివైపు నూరిపోసుకుని ఎడమకొచ్చేసరికి తడబడతారు. ముఖ్యంగా కటా గురుమలో మనిషిని భుజాల మీదికెత్తాక నీ మోకాలు వణికితే కింద పడేది పాపం నీ పార్ట్‌నర్. ఆ అమ్మాయితో రోజూ కాసేపు ఎడమవైపే చెయ్యి.

ఇవన్నీ మీ గురువుగారు చెప్పేవే. నేను ఉత్తరం రాస్తున్నది ఇంకో విషయానికి.

మీ నాన్న పై అరలో డబ్బా తియ్యాలంటే ఎడమ చెయ్యే ఎందుకు చాస్తాడో ఎప్పుడైనా అడిగావా? అడిగే ఉంటావు, సైకిల్ మీంచి పడ్డానని చెప్పి ఉంటాడు. అది అబద్ధం. నీకు చెప్తానని వాడితో అన్నాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరే అన్నాడు.

నేనూ వాడూ ఒకే చోట నేర్చుకునేవాళ్లం. కొబ్బరిపీచు పరుపులు, పైన బిగించిన టార్పాలిన్, పడితే మోచేతులు గీరుకుపోయేవి. గోధుమరంగు బెల్టు పరీక్షకి బయటి ఊరినుంచి ఎగ్జామినర్ వచ్చాడు. మీ నాన్నకి వాడికంటే బరువైన కుర్రాడు పడ్డాడు. కిందపడ్డ క్షణంలోనే ఆ కుర్రాడు వీడి ఛాతీ మీద కాళ్లు అడ్డంగా వేసి, చెయ్యి తొడల మధ్య ఇరికించుకుని వెనక్కి వాలాడు. మోచేతిని వెనక్కి వంచే పట్టు, జూజీ గతామే, నీకు చెప్పక్కర్లేదు. మణికట్టు బిగించి, బొటనవేలు పైకి తిప్పి, నడుము నెమ్మదిగా లేపుతున్నాడు. మంచి కుర్రాడే, లాగెయ్యకుండా ఆగుతున్నాడు, చెయ్యి కొట్టు కొట్టు అని గొణుగుతున్నాడు కూడా. మీ నాన్న ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది. పరుపు మీద రెండు దెబ్బలు కొడితే ఓటమి ఒప్పుకున్నట్టే, అక్కడితో అయిపోయేది. వాడు ఆ చేత్తో తన బెల్టు పట్టుకున్నాడు! కొడితే ఫెయిల్ చేసేస్తారని భయం. అప్పట్లో మాకు చెప్పినవాడు లేడు, ఒక్క బౌటు ఓడిపోతే పరీక్ష పోదని.

చప్పుడు గోడ పక్కన నిలబడ్డ నాకు వినిపించింది. ఇంతకంటే రాయలేను. ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఎవరో చెప్పారని నాటుకట్టు కట్టించారు. మోచెయ్యి ఎప్పటికీ పూర్తిగా చాచుకోలేదు. వాడు మళ్లీ పరుపెక్కలేదు.

నీది అచ్చం వాడి మొండితనం. చిన్నప్పుడు చెవులు కుట్టేటప్పుడు ఏడవకూడదని పెదవి కొరుక్కుని నెత్తురు తెచ్చుకున్నదానివి. అందుకే నా భయం. పట్టు పడిందా, తప్పించుకునే దారి లేదా, కొట్టెయ్. చేతులు రెండూ ఇరుక్కుంటే కాలితో కొట్టు, లేదా ‘మైట్టా’, ఓడిపోయాను, అని గట్టిగా అరిచెయ్. రిఫరీ ఆపుతాడులే అని చూడకు. అక్కడ పరీక్ష పోటీలు దాదాపు నెలనెలా ఉంటాయి, ఈ నెల కాకపోతే ఇంకో నెల. నెలలు పోతే పోనీ.

తొందరగా ఉందంటావేమో. జూడోలో పెద్దావిడ ఫుకుదా కేయికోని ఆడమనిషని అయిదో దాన్ దగ్గరే ఏళ్ల తరబడి ఆపేశారు. ఆరోది 1972లో వచ్చింది. కోడోకాన్ తొమ్మిదో దాన్ ఇచ్చేసరికి 2006, ఆవిడకి తొంభై దాటాయి. నాకు ఆవిడ ఓపిక చూసి మెచ్చుకోవాలనిపించదు, ఆపినవాళ్ల మీద కోపమే వస్తుంది. నిన్ను మాత్రం ఎవరూ ఆపడం లేదు కదమ్మా, ఆ తొందరెందుకు?

ఆదివారం ముందు నాన్నకి ఫోన్ చెయ్యి. మోచేతి గురించి నువ్వుగా అడగకు, వాడే చెప్తాడు. ఎడమవైపు కటా గురుమ వీడియో మాత్రం నాకు పంపించు, పక్కనుంచి తియ్యమను, ముందునుంచి తీస్తే మోకాళ్లు సరిగ్గా కనబడవు.

మీ అత్త